నిఖత్ పని అయిపోయిందా?

రెండుసార్లు ప్రపంచ చాంపియన్. పారిస్‌లో రెండో బౌట్‌కే ఇంటిముఖం. లివర్‌పూల్‌లో క్వార్టర్స్‌తో సరి. మళ్లీ గ్రేటర్ నోయిడాలో స్వర్ణం. ముప్ఫయ్యో పడి అంచున ఉన్న మన నిజామాబాద్ బాక్సర్ గురించి ఊరూరా ఒకటే వాదన.

మిర్యాలగూడకు నవంబరు వచ్చిందంటే వడ్ల ట్రాక్టర్లు వచ్చినట్టే. మిల్లు గేటు దగ్గర మొదలైన వరస సాగర్ రోడ్డు పొడవునా సాగుతుంది. రాత్రి తెచ్చిన బండికి మర్నాడు ఏ మధ్యాహ్నానికో గాని కాంటా దొరకదు. అందాకా డ్రైవర్లకు టీకొట్టే ఇల్లు. 2025 నవంబరు 21 పొద్దున అలాంటి ఒక కొట్టు ముందు నలుగురైదుగురు ఒకే ఫోన్ మీదికి వంగి చూస్తున్నారు. ముందురోజు గ్రేటర్ నోయిడాలో ముగిసిన ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్, మహిళల 51 కిలోల తుదిపోరు. తెర మీద నిఖత్ జరీన్ రెండు పంచ్‌లు విసిరి వెనక్కి జారింది. చైనీస్ తైపీ అమ్మాయి గువో యీ షువాన్ అందుకునేలోపు పక్కకు తప్పుకుంది.

"ఐదుకు ఐదన్నా! జడ్జీలందరూ మనామెకే ఇచ్చిండ్రు" అన్నాడు ఫోన్ పట్టుకున్న కుర్రాడు.

"ఇస్తే ఇచ్చిండ్రు గాని తమ్మీ, మొన్న లివర్‌పూల్ల ఏమైంది మరి? టర్కీ ఆమె ఐదుకు ఐదు కొట్టలే? పారిస్‌ల చైనా ఆమె గట్లనే కొట్టె. పెద్దోళ్లు ఎదురైతే గెలుస్తలేదు. ఇగ పనైపోయింది."

"గట్లెట్లంటవే అన్నా..."

బల్ల చివర కూర్చున్న పెద్దాయన కల్పించుకున్నాడు. "ఆ పిల్లకు వయసెంత బిడ్డా?"

"ముప్పైకొస్తున్నయ్ పెద్దనాయనా."

"ముప్పైకే ఐపోతదా?"

గేటు దగ్గర నుంచి కాంటా పిలుపు వచ్చేదాకా వాదన తెగలేదు. సూర్యాపేటలో, కోదాడలో, నలుగురు కూడే ప్రతిచోటా ఇలాంటి మాటలే. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం ఒక్క మాటలో తేలేది కాదు.

ఐదు బౌట్లు, ఐదూ ఏకపక్షమే

2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ జరుగుతున్నప్పుడు 52 కిలోల విభాగంలో నిఖత్‌ను ఆపగలిగినవాళ్లు లేరు. మెక్సికో, మంగోలియా, ఇంగ్లండ్, బ్రెజిల్ బాక్సర్లను వరసగా 5-0తో ఓడించింది. మే 19న ఫైనల్లో థాయ్‌లాండ్‌కు చెందిన జుతామస్ జిట్‌పాంగ్ మీదా అదే స్కోరు. మేరీకోమ్, సరితాదేవి, జెన్నీ, లేఖల తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన ఐదో భారత మహిళ ఆమె. ఆ ఆగస్టులోనే బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది. 2023 మార్చిలో ఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీల్లో సీడింగ్ లేకున్నా ఆరు బౌట్లు ఆడి, ఫైనల్లో వియత్నాంకు చెందిన గుయెన్ థీ తామ్‌ను ఓడించి రెండో టైటిల్ పట్టింది. ఒకటికి మించి ప్రపంచ టైటిళ్లున్న భారత బాక్సర్లు ఇద్దరే. ఒకరు మేరీకోమ్, రెండోది నిఖత్.

అక్కడి నుంచి కథ కొంచెం కొంచెంగా మారింది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సెమీఫైనల్లో ఓడి కాంస్యంతో తిరిగొచ్చింది. అయినా ఒలింపిక్స్ బెర్తు దక్కింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 2024 ఆగస్టు 1న పారిస్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో ప్రిక్వార్టర్స్‌లో 0-5తో ఓడింది. ఆ రోజు రింగు దిగుతూ ఏడ్చిన నిఖత్‌ను చూసి తెలంగాణలో చాలా ఇళ్లలో టీవీలు కట్టేశారు. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో రెండు బౌట్లు గెలిచి, క్వార్టర్స్‌లో టర్కీకి చెందిన బుసె నాజ్ చకిరోగ్లు ముందు మళ్లీ 0-5. అదే లివర్‌పూల్‌లో జైస్మిన్ లాంబోరియా, మీనాక్షి హుడా ప్రపంచ చాంపియన్లయ్యారు. కొత్తవాళ్లు మెడలో బంగారంతో నిలబడ్డ చోట పాత చాంపియన్ వట్టి చేతులతో రావడమే "పనైపోయింది" అన్న మాటకు ఊపు తెచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాది కబడ్డీ అంటే ప్రాణం పెట్టే ప్రాంతం. 2021 మార్చిలో సూర్యాపేటలో జూనియర్ జాతీయ కబడ్డీ పోటీలు పెడితే జనం పోటెత్తారు. ప్రారంభం రోజునే గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. కబడ్డీలో రైడర్ మోకాళ్లు బిగిస్తే ఏం చేయాలో ఇక్కడి ప్రతి ఊరి జట్టుకూ తెలుసు. అతణ్ని కూతకు పంపడం తగ్గించి కార్నర్‌లో నిలబెడతారు. అక్కడ అతని అనుభవం పనికొస్తుంది, పక్కనున్న ఆరుగురు అతని నెమ్మదిని కప్పిపుచ్చుతారు. బాక్సర్‌కు అలా మార్చుకునే చోటు ఉండదు. రింగులో ఆరో మనిషీ ఉండడు, రెండో మనిషీ ఉండడు. అడుగు పావు సెకను ఆలస్యమైతే ఆ సంగతి ఎదుటి గ్లవ్ చెబుతుంది. అందుకే ఈ ఆటలో వయసు గురించి అంత తొందరగా మాట్లాడతారు, అంత కటువుగానూ మాట్లాడతారు.

ఇదే ప్రశ్న ఒకప్పుడు నిఖత్ అడిగింది

ఈ చర్చలో చాలామంది మరిచిపోతున్నది 2019. అప్పుడు వయసు మీదపడ్డ చాంపియన్ మేరీకోమ్. పిల్లల తల్లి, ఆరు ప్రపంచ టైటిళ్లు, 2012 లండన్ ఒలింపిక్స్ కాంస్యం. ఆ ఆరో టైటిల్ 2018 నవంబరులో ఢిల్లీలో గెలిచినప్పటికే ఆమెకు మూడున్నర పదులు నిండాయి. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు 51 కిలోల్లో ఆమెనే నేరుగా పంపే ఆలోచన బయటికొచ్చింది. అప్పటికి 23 ఏళ్ల నిఖత్ ఊరుకోలేదు. కేంద్ర క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగంగా ఉత్తరం రాసింది. మేరీని తప్పించమని అడగలేదు. తనకు బెర్తు ఇవ్వమనీ అడగలేదు. ట్రయల్ పెట్టమని మాత్రమే అడిగింది. షూటర్ అభినవ్ బింద్రా ఆమెకు అండగా మాట్లాడాడు. దేశం రెండుగా చీలి వాదించుకుంది.

2019 డిసెంబరు 28న ఢిల్లీలో ఆ ట్రయల్ జరిగింది. 9-1తో మేరీ గెలిచింది. రిఫరీ ఆమె చెయ్యి పైకెత్తాక నిఖత్ దగ్గరికి వెళ్లింది. మేరీ చెయ్యి కలపలేదు. ఆ దృశ్యం చాలాకాలం టీవీల్లో తిరిగింది. దాని వెనకున్న అసలు సంగతిని మాత్రం మనం సరిగా పట్టుకోలేదనిపిస్తుంది. మేరీ పని అయిపోయిందా లేదా అన్నది ఆ రోజు రింగులో తేలింది: ఇంకా అయిపోలేదని. ఆమె 2021లో టోక్యో వెళ్లింది. ప్రిక్వార్టర్స్‌లో కొలంబియా బాక్సర్ ఇంగ్రిట్ వలెన్సియా చేతిలో 2-3తో, వెంట్రుకవాసి తేడాతో ఓడింది. అప్పటికి ఆమెకు 38 ఏళ్లు.

ఓడిన నిఖత్‌కు ఆ ట్రయల్ వల్ల ఒరిగిందేమిటి? ఏమీ లేదనుకుంటాం. కానీ పెద్ద పేరున్నవాళ్లు కూడా రింగులో నిరూపించుకునే వెళ్లాలన్న పద్ధతిని తన ఓటమితోనే ఆమె నిలబెట్టింది. ఇప్పుడు ఆమే ఆ పెద్ద పేరు.

> దారులు ఇలా కలిశాయి
>
> ● టర్కీకి చెందిన బుసె నాజ్ చకిరోగ్లు 2019 ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీస్‌లో మేరీకోమ్‌ను ఓడించింది. ఆరేళ్ల తర్వాత లివర్‌పూల్‌లో నిఖత్‌ను ఓడించింది కూడా ఈమే. టోక్యోలోనూ పారిస్‌లోనూ ఒలింపిక్ రజతం గెలిచింది. పుట్టింది 1996 మే 26న. నిఖత్ పుట్టింది అదే ఏడాది జూన్ 14న. అంటే నిఖత్ కన్నా దాదాపు మూడు వారాలు పెద్ద.
>
> ● టోక్యోలో మేరీకోమ్‌ను ఇంటికి పంపిన వలెన్సియాను 2023 ఢిల్లీ సెమీస్‌లో నిఖత్ 5-0తో ఓడించింది.
>
> ● ఢిల్లీలో నిఖత్ చేతిలో క్వార్టర్స్ ఓడిన థాయ్‌లాండ్ బాక్సర్ చుతామత్ రక్సత్, ఆరేడు నెలలు తిరక్కుండానే హాంగ్‌జౌ ఆసియా క్రీడల సెమీస్‌లో నిఖత్‌ను ఓడించింది.

రెండు కిలోల బరువెంత?

చకిరోగ్లు వయసు చూశాక టీకొట్టు వాదనలో సగం బలం పోతుంది. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరిలో ఒకరు గెలిచి ఒకరు ఓడితే ఆ ఓటమికి వయసును కారణం చెప్పలేం. మరి ఏమిటి కారణం? ఒక పక్క నుంచి చూస్తే తూకం యంత్రం దగ్గరికి వెళ్లాలి.

నిఖత్ ఇస్తాంబుల్లో గెలిచింది 52 కిలోల్లో. అది ఆమె ఒంటికి సరిపడే బరువు. కానీ పారిస్ ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు. 50 ఉంది, దాని పైన ఏకంగా 54. కిందికి దిగితే రెండు కిలోలు కరిగించాలి, పైకి వెళితే తనకన్నా పొడవాటి, బరువైన అమ్మాయిలతో తలపడాలి. ఆమె దిగడాన్నే ఎంచుకుంది. బర్మింగ్‌హామ్, ఢిల్లీ, పారిస్ అన్నీ 50 కిలోల్లోనే.

ఇంట్లో మనం రెండు కిలోలు తగ్గామంటే సంతోషిస్తాం. కొవ్వు అన్నదే లేని ఒంట్లోంచి రెండు కిలోలు తీయాలంటే నీళ్లు తీయాలి. ఒలింపిక్ పద్ధతి బాక్సింగ్‌లో బౌట్ ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే తూకం ఉంటుంది. ఒకసారి తూగి వారమంతా తిని ఆడే వీలు లేదు. ముందురోజు రాత్రి మందపాటి బట్టలు వేసుకుని చెమటలు కక్కేలా పరుగులు, నోరు పుక్కిలించి ఉమ్మేయడమే తప్ప గుటక వేయని నీళ్లు, పొద్దున కాంటా ఎక్కి ముల్లు గీత దాటలేదని తెలిశాక మొదటి గుక్క. ఆ గుక్కకూ గంట కొట్టడానికీ మధ్య మిగిలిన కొన్ని గంటల్లోనే ఒంట్లోకి బలం తిరిగి రావాలి. పారిస్ ఓటమి తర్వాత నిఖత్ చెప్పింది ఇదే. బరువు కోసం రెండు రోజులు తిండీ నీళ్లూ ముట్టలేదని, తూకం అయ్యాకే నీళ్లు తాగానని, కోలుకునే సమయం చాలలేదని.

అయితే నెపం మొత్తం కాంటా మీదికి నెట్టడం న్యాయం కాదు. పారిస్‌లో ఆమెను ఓడించిన వూ యూ కూడా 52 కిలోల నుంచి దిగి వచ్చినదే. 2023లో ఢిల్లీలో 52 కిలోల ప్రపంచ టైటిల్ గెలిచింది ఆమెనే. ఆ తర్వాత 50కి దిగి ఆసియా క్రీడల స్వర్ణం, ఒలింపిక్ స్వర్ణం రెండూ పట్టుకుపోయింది. పారిస్‌లో ఆమె టాప్ సీడ్. సీడింగ్ లేని నిఖత్‌కు రెండో బౌట్‌లోనే ఆమె ఎదురైంది. అదే ఏ సెమీస్‌లోనో ఎదురై ఉంటే ఓడినా మెడలో కాంస్యం ఉండేది. అప్పుడు "పనైపోయింది" అనేవాళ్లు ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఆడింది అదే మనిషి, తిన్నవి అవే దెబ్బలు, డ్రా కాగితం మీద గీత ఒక్కటి మారితే మనం రాసే మాట మారిపోయేది.

వయసు పాత్ర అసలు లేదా అంటే, ఉంది. ముప్పై దగ్గరపడుతున్నప్పుడు పంచ్ బలం తగ్గదు. ముందుగా తగ్గేది కోలుకునే వేగం. ప్రపంచ చాంపియన్‌షిప్ అంటే పది రోజుల్లో ఐదారు బౌట్లు. ఇరవై రెండేళ్ల ఒంటికి రాత్రి నిద్రపోతే చాలు, పొద్దున కొత్తగా లేస్తుంది. ముప్ఫయ్యో ఏట నిన్నటి బౌట్ ఇవాళ్టి భుజంలో మిగిలి ఉంటుంది. దానికి తోడు రోజూ నీళ్లు పిండుకుంటే ఆ మిగులు రెట్టింపవుతుంది. పారిస్‌లో రెండో బౌట్, లివర్‌పూల్‌లో మూడో బౌట్ ఆమె కథ ముగించడంలో ఇదీ ఒక భాగమని నేననుకుంటాను. గ్రేటర్ నోయిడాది అంత పెద్ద డ్రా కాదు. ఆ స్వర్ణం విలువైనదే. కానీ పెద్ద టోర్నీ చివరి రోజున ఆమె కాళ్లు ఎలా ఉంటాయన్నదానికి అది జవాబు కాదు.

ముక్కులోంచి కారిన రక్తం

ఈ అమ్మాయి ఒకసారి కాదు, రెండుమూడుసార్లు అయిపోయిందనిపించుకున్నదే. నిజామాబాద్‌లో తండ్రి జమీల్ అహ్మద్ ఆటల మనిషి. కుటుంబం కోసం కొంతకాలం సౌదీలో సేల్స్ పని చేశాడు. నలుగురు కూతుళ్లలో నిఖత్ మూడోది. మొదట పరుగు పందేలకు వెళ్లింది. స్టేడియంలో అన్ని ఆటల్లోనూ ఆడపిల్లలు కనిపించి బాక్సింగ్ దగ్గర మాత్రం కనిపించకపోతే ఎందుకని తండ్రిని అడిగింది. అది మగపిల్లల ఆటగా చూస్తారన్న జవాబు ఆమెకు రుచించలేదు. గ్లవ్స్ వేసుకుంది.

కోచ్ సంసముద్దీన్ దగ్గర మగపిల్లలతోనే సాధన. తొలినాళ్లలోనే ముక్కు పగిలి, కన్ను నల్లబడి ఇంటికొచ్చిన కూతుర్ని చూసి తల్లి పర్వీన్ సుల్తానా భోరుమంది. ఈ మొహంతో పెళ్లెవరు చేసుకుంటారన్నది ఆ తల్లి బాధ. పేరొస్తే పెళ్లికొడుకులే ఇంటి ముందు వరస కడతారని కూతురు ఓదార్చిందట. నిక్కర్లు వేసుకుని ఆడటం మీద చుట్టాలు అన్న మాటలు వేరే. జమీల్ వాటిని చెవిన వేసుకోలేదు. 2009లో విశాఖ సాయ్ కేంద్రంలో ద్రోణాచార్య ఐ.వెంకటేశ్వరరావు శిక్షణలో చేరింది. రెండేళ్లకే టర్కీలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. అప్పటికి పదిహేనేళ్లు ఇంకా నిండలేదు.

2017లో ఒక అంతర్ విశ్వవిద్యాలయ పోటీలో భుజం కీలు తప్పింది. శస్త్రచికిత్స, ఏడాదిపాటు రింగుకు దూరం. 2018 కామన్వెల్త్, ఆసియా క్రీడలు, ప్రపంచ పోటీలు అన్నీ ఆమె లేకుండానే అయిపోయాయి. భుజం పోయిన బాక్సర్ గురించి ఎవరైనా ఏమంటారు? అదే అన్నారు. అప్పుడు ఆమెకు 21. గాయమైన మరుసటి ఏడాదే మళ్లీ గెలవడం మొదలుపెట్టి, ఇంకో నాలుగేళ్లకు ఇస్తాంబుల్లో బంగారం ముద్దాడింది.

అదే నిజామాబాద్ నుంచి వచ్చిన సంసముద్దీన్ కొడుకు హుసాముద్దీన్ కథ ఇంకా గుచ్చుకుంటుంది. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో 57 కిలోల సెమీస్ చేరాడు. 29 ఏళ్లకు జీవితంలోనే పెద్ద బౌట్. ఆ రోజు మోకాలి గాయం వల్ల రింగులోకే దిగలేకపోయాడు. కాంస్యం వచ్చింది. ఓడిపోయి కాదు, ఆడకుండా. శరీరం ఎప్పుడు మొండికేస్తుందో క్యాలెండర్ చెప్పదు.

> ముప్పై దాటాక...
>
> ● ఐర్లాండ్ బాక్సర్ కెల్లీ హారింగ్టన్ టోక్యోలో గెలిచిన ఒలింపిక్ స్వర్ణాన్ని పారిస్‌లో 34 ఏళ్లకు నిలబెట్టుకుంది. వెంటనే వీడ్కోలు చెప్పింది.
>
> ● 1974లో కిన్షాసాలో మహమ్మద్ అలీ చేతిలో టైటిల్ పోగొట్టుకున్న జార్జ్ ఫోర్‌మన్, ఇరవై ఏళ్ల తర్వాత 1994 నవంబరులో మైకేల్ మూరర్‌ను పదో రౌండ్‌లో పడగొట్టి మళ్లీ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. వయసు 45. వేసుకున్నది కిన్షాసాలో ఓడిన రోజు వేసుకున్న ఎర్ర నిక్కరే.
>
> ● ఫిలిప్పీన్స్ వీరుడు మానీ పకియావ్ 2025 జూలైలో 46 ఏళ్లకు టైటిల్ బౌట్ ఆడి మారియో బారియోస్‌తో డ్రా చేసుకున్నాడు.
>
> ● ఒలింపిక్ పద్ధతి బాక్సింగ్‌లో వయో పరిమితి 40 ఏళ్లు. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ నాటికి నిఖత్‌కు 32 నిండుతాయి.

చెప్పేవాళ్లు ఉండాలి

క్రికెటర్ ఆలస్యంగా రిటైరైతే పరుగులు రావు. బాక్సర్ ఆలస్యంగా రిటైరైతే తలకు దెబ్బలు తగులుతాయి. ఈ తేడాను వదిలేసి "ఆడనీ, ఆమె ఇష్టం" అనడం కూడా ప్రేమ కాదు.

దీనికి మహమ్మద్ అలీ కన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 1977లో ఎర్నీ షేవర్స్‌తో బౌట్ తర్వాత అలీ వైద్యుడు ఫెర్డీ పచెకో ఇక ఆపమని చెప్పాడు. వినలేదు. డాక్టరే తప్పుకున్నాడు. 1980 అక్టోబరులో 38 ఏళ్ల అలీ, ఒకప్పుడు తనతో సాధన చేసిన లారీ హోమ్స్ ముందు పది రౌండ్లపాటు దెబ్బలు తిన్నాడు. మూల నుంచి బౌట్ ఆపించేశారు. అయినా మరుసటి ఏడాది డిసెంబరులో ట్రెవర్ బెర్బిక్ మీదికి ఇంకోసారి వెళ్లాడు, ఓడాడు. 1984లో పార్కిన్సన్స్ అని తేలింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలు వణికే చేతులతో గడిపాడు.

నిఖత్ ఆడేది వేరే బాక్సింగ్. మూడు నిమిషాల రౌండ్లు మూడే, తలకు హెడ్‌గార్డు, డబ్బు కోసం పన్నెండు రౌండ్లు నిలబడాల్సిన పని లేదు. బతుకుతెరువు కోసం గ్లవ్స్ పట్టుకు వేలాడే అవసరమూ ఆమెకు లేదు. ఇస్తాంబుల్ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం రెండు కోట్ల రూపాయల నజరానా ఇచ్చింది. 2024 సెప్టెంబరులో డీఎస్పీగా ఉద్యోగంలో చేరింది. దేశంలో ఎంతోమంది బాక్సర్లు రైల్వేలోనో సర్వీసెస్‌లోనో ఒక ఉద్యోగం కోసం పాడైన మోకాళ్లతో ఆడుతూనే ఉంటారు. ఆమె ఇప్పుడు ఆడుతున్నది ఒలింపిక్ పతకం ఒక్కటే మిగిలిందన్న ఆకలితో. ఆ ఆకలిని గౌరవించాలి. అదే సమయంలో, ఆపాల్సిన రోజు వస్తే ఆ మాట మొహం మీద చెప్పగల కోచ్, డాక్టర్ పక్కన ఉండాలి.

మగవాళ్ల కన్నా ఆడవాళ్లకు ఈ ప్రశ్న తొందరగా ఎదురవుతుందన్నది కూడా ఒప్పుకోవాలి. పీవీ సింధు ఒక టోర్నీలో తొలి రౌండ్ ఓడితే చాలు, ఇక ఇల్లు చక్కబెట్టుకోమనే సలహాలు మొదలవుతాయి. కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో 37 ఏళ్లకు, బిడ్డ తల్లిగా, రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచేదాకా ఆమెను పాత పేరుగానే లెక్కేసినవాళ్లు మన తెలుగునాట ఎంతమంది లేరు! చదరంగం, బాక్సింగ్ ఒకటి కావు. అడిగే నోళ్లు మాత్రం ఒకటే.

51 కిలోల గుమ్మం ముందు

అసలు పరీక్ష ఇప్పుడు రాబోతోంది. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మహిళలకు ఏడు విభాగాలు. అన్నింటికన్నా తక్కువ బరువు 51 కిలోలు. నిఖత్‌కు ఇది మంచి వార్త. 50 దాకా పిండుకోనక్కర్లేదు. ఆ ఒక్క కిలో ఎక్కువ ఉంటే బౌట్‌కు ముందు రాత్రి ఎంత తేలికవుతుందో పారిస్ వెళ్లొచ్చిన ఆమెకన్నా ఎవరికి తెలుసు?

కానీ అదే నిబంధన ఇంకో తలుపూ తెరిచింది. 48 కిలోలకు ఒలింపిక్స్‌లో చోటు లేదు. కాబట్టి ఆ విభాగంలో ఏలుతున్నవాళ్లంతా ఒలింపిక్స్ కావాలంటే 51కి ఎక్కాల్సిందే. లివర్‌పూల్ చాంపియన్ మీనాక్షి హుడా 48 కిలోల బాక్సర్. హరియాణాలోని రోహ్‌తక్ జిల్లా రుర్కీ గ్రామం, తండ్రి ఆటో నడుపుతాడు. ఫైనల్లో పారిస్ కాంస్య విజేత నజిమ్ కిజైబేను ఓడించింది. నీతూ ఘంఘాస్ 2023లో ప్రపంచ చాంపియన్ అయింది కూడా 48 కిలోల్లోనే. ఇద్దరూ నిఖత్ కన్నా నాలుగైదేళ్లు చిన్న. గ్రేటర్ నోయిడాలో భారత్ గెలిచిన 9 స్వర్ణాల్లో 7 మహిళలవే. వెనక వరస ఎంత గట్టిగా ఉందో ఈ అంకె చాలు.

2026లో గ్లాస్గోలో కామన్వెల్త్ క్రీడలు, ఆ తర్వాత జపాన్‌లోని ఐచి-నగోయాలో ఆసియా క్రీడలు. ఆ బెర్తులను ఎలా పంచుతారన్నదే అసలు ప్రశ్న. 2023లో ట్రయల్స్ తీసేసి, శిబిరంలో కొన్ని వారాలపాటు మార్కులు వేసి జట్టును ఎంపిక చేసే పద్ధతి తెచ్చారు. దాని మీద కొందరు బాక్సర్లు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లారు. నా మాట సూటిగా చెబుతాను. 51 కిలోల బెర్తు కోసం నిఖత్ కూడా ట్రయల్ ఆడాలి. ఆమె పేరు చూసి మినహాయింపు ఇవ్వకూడదు, వయసు చూసి పక్కనా పెట్టకూడదు. ఓడితే ఇంకో అమ్మాయి వెళ్తుంది. గెలిస్తే టీకొట్టు దగ్గరా, ఢిల్లీలోనూ నోళ్లు మూతపడతాయి. ఇది కొత్తగా పెట్టే షరతు కాదు. 23 ఏళ్ల నిఖత్ ఆ ఉత్తరంలో అడిగిందే. ఆ ఉత్తరం రాసిన చేతి మీద నాకున్న గౌరవమే నాతో ఈ మాట అనిపిస్తోంది.

పనైపోయిందా అంటే, అయిపోలేదు. ఇస్తాంబుల్ నాటి నిఖత్ మళ్లీ వస్తుందా అంటే, ఐదు బౌట్లూ 5-0తో గెలిచే ఆ ఊపు తిరిగి రావడం కష్టమే. అది రాకపోయినా ఒలింపిక్ పతకం అందనంత దూరంలో లేదు. పాత వేగంతో దూసుకెళ్లడం కన్నా తక్కువ పంచ్‌లతో, తక్కువ అడుగులతో రౌండ్ గెలవడం ఆమె నేర్చుకోవాలి. చకిరోగ్లు అదే చేస్తోంది.

రెండో రౌండ్ చూడండి

ఈసారి నిఖత్ బౌట్ వచ్చినప్పుడు స్కోరు కోసం ఆగకుండా రెండో రౌండ్ చివరి నిమిషం మీద కన్నేయండి. మొదటి రౌండ్ ఎవరైనా బాగానే ఆడతారు. మూడో రౌండ్ మొండితనంతో లాగేస్తారు. బాక్సర్ ఒంట్లో ఎంత మిగిలిందో రెండో రౌండ్ చివర్లో తెలుస్తుంది.

ముందు కాళ్లు చూడండి. పంచ్ వేసి వెనక్కి జారడం ఆమె ఆటకు ప్రాణం. వెనక్కి జారాక మడమలు కాన్వాస్‌కు ఆనితే అలసిపోయినట్టు, మునివేళ్ల మీదే ఉంటే ఇంకా దమ్మున్నట్టు. తర్వాత చెయ్యి. పంచ్ వేసిన గ్లవ్ నేరుగా గడ్డం దగ్గరికి తిరిగొస్తోందా, లేక ఛాతీ దాకా దిగి అక్కడి నుంచి పైకొస్తోందా? ఆ దిగిన జాగాలోంచే ఎదుటివాళ్ల పంచ్ లోపలికొస్తుంది. చివరగా, కలబడే ప్రతిసారీ మొదటి పంచ్ ఎవరిదో లెక్కపెట్టండి. మొదటిది ఆమెదైతే బౌట్ ఆమె చేతిలో ఉంది. ప్రతిసారీ ఎదుటివాళ్లు వేశాక బదులు వేస్తుంటే మాత్రం ఆమె మూలలో కూర్చున్న కోచ్‌కు ఆ సంగతి మనకన్నా ముందే అర్థమై ఉంటుంది. విరామంలో స్టూలు వేసే ఆ నిమిషంలో అతను ఏం చెబుతాడో, ఆమె ఎంత వింటుందో దాన్నిబట్టే మూడో రౌండ్ నడుస్తుంది.